మర కలిపిన ‘ర్’

ఆ రోజు పొద్దున గురునాథరావు పెట్టుకున్నది చిన్న పనే. పదింటికి సెక్టర్ 7లో ఆంధ్ర సంఘం హాలుకి వెళ్ళాలి. చెయ్యెత్తాలి. ఒక్క ప్రశ్న అడగాలి. తిరిగొచ్చి మర వేసుకోవాలి.

భిలాయి ఊళ్ళో సుపేలా బజారులో ఆయనకి పిండిమర ఉంది. మర నడుస్తుండగా మాట్లాడితే గొంతునొప్పి తప్ప మరేమీ రాదని ఆయన వయసులో ఉండగానే గ్రహించి, మాట్లాడటం మానేశాడు. మర ఆగాక కూడా మళ్ళీ మొదలుపెట్టలేదు. బజారులో ఎవరూ దాన్ని తప్పు పట్టలేదు. పిండి మెత్తగా వస్తే చాలు, మరవాడి మాటలతో ఎవరికి పని?

అలాంటి మనిషి పదిమందిలో లేచి అడగాలనుకున్నాడంటే కారణం ఉంది. ఆరోగ్య బీమా పద్ధతి మార్చాలని ఆ మధ్య ఊరంతా మాట నడుస్తోంది. డెబ్బై నిండినవాళ్ళకి సర్కారు కార్డు ఉంది. దాన్ని అరవైకి దించాలని కొందరు, ఇంటిల్లిపాదికీ ఒకే కార్డు ఇవ్వాలని కొందరు, అసలు అందరి దగ్గరా కొంత కట్టించుకోవాలని కొందరు. జనం మాట వినడానికి సాహూ సాబ్ అనే ఆఫీసరు రాయపూర్ నుంచి వస్తున్నాడు.

గురునాథరావుకి డెబ్బై రెండు. కార్డు ఉంది, జబ్బు లేదు. ఆయన భార్య జోగమ్మకి జబ్బు ఉంది, కార్డు లేదు. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. ఆపరేషన్ చేయించకపోతే వానాకాలం నాటికి మంచం దిగలేదని డాక్టరు చెప్పాడు. ఆధార్‌లో ఆమె వయసు అరవై ఆరు.

జోగమ్మ మర పక్కన స్టూలు మీద కూర్చుని, పొద్దుటి గిరాకీ గోధుమలు ఆడిస్తోంది. ఆ హోరులో మొగుణ్ణి కేకేసింది.

"ఇదిగో, నా వయసు మాట పదిమందిలో ఎత్తకు. సెప్తన్నాను."

"ఊఁ."

"ఆ భిలాయి-3లో ఉన్న నాగలక్ష్మికి కార్డొచ్చిందన్న మాట అసలే ఎత్తకు."

"ఊఁ" అని, కార్డు జేబులో పెట్టుకుని గురునాథరావు వీధిలోకి వచ్చాడు.

తప్పు జరిగిందంటే ఆయన స్నానం చేయడం దగ్గరే జరిగింది. రోజూ రాత్రి కొట్టు కట్టాక స్నానం చేసే మనిషి, ఆ రోజు పొద్దున్నే తలంటుకుని ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. బజారులో ఎవరూ ఆయన్ని పిండి లేకుండా చూడలేదు. ఆయన తెల్లటి మనిషనే అందరి నమ్మకం. పక్క కొట్లో బట్టలు కుట్టే సత్యవాణి తలెత్తి చూసి, చేతిలో కత్తెర వదిలేసింది.

"ఓలమ్మో! బాబాయ్, మొకం ఏటి అలా నల్లబడిపోయింది? ఎక్కడికెళ్తన్నారు?"

"బీమా" అన్నాడు గురునాథరావు.

వెనక నుంచి మర "ర్ర్ర్" అంది.

సత్యవాణి భిలాయిలో పుట్టి భిలాయిలో పెరిగింది. బీమా అంటే ఏమిటో తెలుసు. బీమార్ అంటే జబ్బుమనిషి అనీ తెలుసు. మర కలిపిన ఆ ఒక్క ‘ర్’ మాత్రం ఆమెకి తెలియలేదు.

"బీమారా! ఎన్నాళ్ళ నుంచి? పిన్నికి సెప్పేరా?"

మీటింగు సంగతి కాబోలనుకుని గురునాథరావు తల ఊపాడు. అప్పుడే ఉమేష్ ఆటో వస్తోంది. సత్యవాణి రోడ్డు మీదికి పరిగెత్తి ఆపింది.

"ఉమేష్ భయ్యా, బాబాయికి తబియత్ బాగులేదు. గుంతలు సూసుకుని నడుపు."

గురునాథరావు ఎక్కి కూర్చుని "సెక్టర్ 7" అన్నాడు. ఆటో మలుపు తిరగ్గానే గాలి కొట్టింది. జేబులో కార్డు ఎగిరిపోతుందేమోనని ఆయన ఎడమ వైపు గుండె మీద అరచెయ్యి గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. ఉమేష్ అద్దంలో చూశాడు.

"చాచా! సీనే మే దర్ద్? గుండెల్లో నొప్పొస్తుందా?"

"కార్డు" అన్నాడు గురునాథరావు.

"కార్డియానా? అరే బాప్ రే! మా మామాజీకి కూడా అదే గుండెజబ్బు. చాచా, మీరింక ఒక్క మాట కూడా మాట్లాడొద్దు."

ఇంతవరకు గురునాథరావుని ఎవరూ ఆ కోరిక కోరలేదు. ఆయన సంతోషంగా ఊరుకున్నాడు. ఆటో మాత్రం సెక్టర్ 7 వైపు కాకుండా మరో దారి పట్టి, ఒక పెద్ద అద్దాల మేడ ముందు ఆగింది.

గురునాథరావు లోపలికి వెళ్ళి చూశాడు. పెద్ద హాలు. వరసగా కుర్చీలు. కుర్చీల నిండా ముసలివాళ్ళు. మైకులో ఎవరో పేర్లు పిలుస్తున్నారు. గోడ మీద బీమా కార్డు బొమ్మ వేలాడుతోంది. మీటింగు చోటు మార్చారన్నమాట అనుకున్నాడు. సంఘం హాలు కన్నా బాగుంది, చల్లగా కూడా ఉంది.

బల్ల వెనక అమ్మాయి అడిగింది. "అంకుల్, కార్డ్ హై?"

చూపించాడు. ఆ అమ్మాయి ముఖం వెలిగింది. కార్డున్నవాడికి సభలో ఈపాటి మర్యాద ఉంటుందని ఆయనకి తెలియదు.

"తకలీఫ్ క్యా హై?"

బాధేమిటని ఆ అమ్మాయి అడిగేసరికి, తన ప్రశ్నకి సమయం వచ్చేసిందని ఆయనకి అర్థమైంది. ఇంట్లో నేర్చుకున్నట్టే చెయ్యెత్తాడు. రెండో చెయ్యి ఇంకా జేబు మీదే ఉంది.

"ఘుట్నా" అన్నాడు. మోకాలు, అదీ తనది కాదు, అని ఆయన ఉద్దేశం. "మేరా నై..."

హిందీలో ఘుట్నా అంటే మోకాలే. ఊపిరాడకపోయినా ఆ మాటే. గుండె మీద చెయ్యి పెట్టుకున్న ముసలాయన ఘుట్నా అంటే, మోకాలు ఎవరికి తోస్తుంది? పైగా పక్కన ఉమేష్ "కార్డియా, మేడమ్, కార్డియా" అని గెంతుతున్నాడు.

"ఇన్‌కా దమ్ ఘుట్ రహా హై!" అని ఆ అమ్మాయి అరిచింది.

చక్రాల కుర్చీ వచ్చింది. లిఫ్టు పైకి వెళ్ళింది. ఇస్త్రీ చొక్కా విప్పేశారు, ఛాతీ మీద చల్లగా ఏదో పూసి వైర్లు అంటించారు. పెద్ద ఆఫీసరు వచ్చే చోట తనిఖీ గట్టిగానే ఉంటుందని గురునాథరావు సర్దుకున్నాడు. మంచం మీద పడుకోబెట్టినప్పుడు మాత్రం కొంచెం అనుమానం వచ్చింది. ఏమిటని అడగబోయాడు. నర్సు ముక్కూ నోరూ కలిపి ఆక్సిజన్ మాస్కు పెట్టేసింది.

కింద ఉమేష్ సత్యవాణికి ఫోను చేశాడు. సత్యవాణి మరలోకి వెళ్ళి జోగమ్మకి చెప్పింది. జోగమ్మ మర ఆపి, "బాగానే ఎల్లాడు గదే! నల్లగా ఉన్నాడంటావేటి, ఆయన రంగే అది!" అని ఏడుస్తూ ఆటో పిలవమంది. సత్యవాణి ఊరుకోక సంఘం సెక్రటరీ భుజంగరావుకీ ఫోను చేసింది. భుజంగరావు అప్పటికి మైకు పట్టుకుని ఉన్నాడు. ఏ కబురైనా ఆయన మైకులోనే చెబుతాడు.

"సభ్యులారా! మన పిండిమర గురునాథరావు గారు బీమా గురించి మాట్లాడటానికి వస్తూ బీమార్ అయిపోయారు!"

హాలు మొత్తం లేచింది. సాహూ సాబ్ కూడా లేచాడు. కార్డు పని చేసే తీరు కళ్ళారా చూడొచ్చని ఆయన ఆశ. అరగంటలో మీటింగంతా గురునాథరావు మంచం చుట్టూ చేరింది. పళ్ళు తెచ్చినవాళ్ళు పళ్ళు తెచ్చారు, అభిప్రాయాలు తెచ్చినవాళ్ళు అభిప్రాయాలు తెచ్చారు.

"సూసేరా సాబ్? కార్డుంది కాబట్టి నిమిషంలో మంచం దొరికింది. కార్డు అందరికీ ఇచ్చీయాల!"

"అందరికీ ఇస్తే మంచాలెక్కణ్ణుంచి వస్తాయి? నీ ఇంట్లోంచి తెస్తావేటి?"

"కట్టగలిగినోళ్ళు కట్టాలి. నేను కడతన్నాను గదా!"

"నువ్వు సంఘం చందాయే కట్టవు, బీమా కడతావా?"

గురునాథరావు మాస్కులోంచి "నేను..." అన్నాడు. నర్సు మాస్కు సరిగ్గా నొక్కి, "అంకుల్, బోలియే మత్" అని మాట్లాడనివ్వలేదు. ఇంతలో డాక్టరు వచ్చి, చేతిలోని కాగితం రెండుసార్లు చూసి, రోగి గుండె తన గుండె కన్నా బాగుందన్నాడు.

"అయితే ఎళ్ళిపోవచ్చా?" అన్నాడు భుజంగరావు.

"ఎలా వెళ్తారు? కార్డు మీద ఒకరోజు అబ్జర్వేషన్ మంజూరైపోయింది. ఇప్పుడు పంపిస్తే మంజూరు ఏం కావాలి?"

సాహూ సాబ్ గడ్డం గోక్కున్నాడు. జబ్బు లేకపోయినా మంజూరు ఉన్నవాణ్ణి ఏం చేయాలో ఆయనకీ తోచలేదు.

అప్పుడే జోగమ్మ వచ్చింది. లిఫ్టు నిండా సంఘం వాళ్ళే ఉండటంతో ఆమె మెట్లెక్కి వచ్చింది. గది గుమ్మం దాకా వచ్చి, మొగుడి ఛాతీ మీద వైర్లు చూసి, "ఏటైపోనావురా దేవుడా!" అని ఒక్క అడుగు వేసింది. మోకాలు మడత పడింది. గుమ్మంలోనే కూలబడి, మళ్ళీ లేవలేకపోయింది. డాక్టరు వంగి మోకాలు నొక్కి చూశాడు. జోగమ్మ అరుపుకి కింద మైకులో పేర్లు పిలవడం ఆగిపోయింది.

"ఈవిడే అసలు పేషెంటు. వెంటనే చేర్చాలి. కార్డ్?"

సాహూ సాబ్ మంచం వైపు చూశాడు, గుమ్మం వైపు చూశాడు. ఆయనకి తల తిరిగిపోయింది.

"ఏక్ మినిట్. బీమా కిస్‌కా హై? బీమార్ కౌన్ హై?"

గురునాథరావు మాస్కు పీకి పక్కన పెట్టాడు. లేచి కూర్చున్నాడు.

"బీమా నాది సాబ్. బీమార్ ఆవిడ. కార్డున్నోడికి జబ్బు లేదు, జబ్బున్నదానికి కార్డు లేదు. మరి నా కార్డు మీద ఆవిడికి ఎందుకు సెయ్యరు? ఇదొక్కటీ అడగడానికే పొద్దున్న బయల్దేరేను."

జోగమ్మ నేల మీది నుంచి బెదిరిపోయి చూసింది.

"ఓలమ్మో, ఇన్ని మాటలే! డాక్టరు బాబూ, ఈయనకి నిజంగానే ఏదో అయిపోయింది. సూడండి!"

పక్కనున్న ఉమేష్ ఆ ప్రశ్న హిందీలో చెప్పగానే సాహూ సాబ్‌కి మాత్రం మనసు కదిలింది. ఇలాంటి ప్రశ్న పొద్దుటి నుంచి ఒక్కరూ అడగలేదన్నాడు. ఢిల్లీకి తప్పకుండా రాస్తానన్నాడు. అంతవరకూ రూలు రూలే. అమ్మగారికి అరవై ఆరు కాబట్టి నాలుగేళ్ళు ఆగాలి. అప్పటికి ఢిల్లీ జవాబు కూడా రావచ్చు.

జోగమ్మ తల దించుకుంది. గురునాథరావు మంచం దిగి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. వైర్లు కూడా ఆయన వెంట వచ్చాయి.

ఇంతలో మెట్ల మీద ఒగరుస్తూ ఒక ముసలావిడ వచ్చింది. మెడలో తాడుకి బీమా కార్డు వేలాడుతోంది. సత్యవాణి ఫోను భిలాయి-3 దాకా కూడా పోయింది.

"అక్కా! బావకేటైందే?"

జోగమ్మ చీర కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. సాహూ సాబ్ ఉమేష్ వైపు తిరిగాడు.

"అక్కా మత్‌లబ్?"

"బడీ బహన్, సాబ్" అన్నాడు ఉమేష్.

సాహూ సాబ్ నాగలక్ష్మి మెడలో కార్డు పట్టుకుని చదివాడు. మొన్ననే డెబ్బై నిండాయి. జోగమ్మ వైపు చూశాడు. మళ్ళీ కార్డు చూశాడు.

"ఛోటీ బహన్ సత్తర్. బడీ బహన్ ఛియాసఠ్. యే కైసే?"

చెల్లెలికి డెబ్బై, అక్కకి అరవై ఆరు. గదిలో ఉన్నవాళ్ళంతా మనసులో లెక్క వేసుకున్నారు. ఎవరు ఎటు నుంచి వేసినా అక్క చెల్లెలి కన్నా చిన్నదే అవుతోంది.

"కంప్యూటర్ తప్పు" అంది జోగమ్మ కొంగులోంచి.

"ఏటి కంప్యూటర్?" అంది నాగలక్ష్మి. "నువ్వు బావ కన్నా పెద్దదానివని తెలిస్తే సంబంధం పోద్దని, నాన్న నీ ఏళ్ళు కోసీలేదా? పెళ్ళయ్యాకైనా మళ్ళీ కలుపుకోవాల గదే!"

సంఘం వాళ్ళంతా గోడ మీది బొమ్మలు చూడసాగారు. జోగమ్మ కొంగు కొంచెం దించి, ఒక కంటితో మొగుణ్ణి చూసింది.

"నీకు తెలీదు గదా?"

"తెలుసు" అన్నాడు గురునాథరావు.

"ఎప్పుట్నుంచి?"

"పెళ్ళినాడే. మీ చెల్లే సెప్పింది."

"మరి నన్నడగలేదేటి? వయసు సరిసేయించుకోమంటే అయిపోను గదా! ఇంత మీటింగెందుకు, ఈ వైర్లెందుకు?"

ఆ రోజుకి గురునాథరావు మాటలు అయిపోవస్తున్నాయి.

"నిన్నడగడం కన్నా డిల్లీనడగడం తేలికనుకున్నాను."

సాహూ సాబ్ ముందుకొచ్చి, ఆధార్‌లో వయసు దిద్దించుకోవచ్చనీ, అది కాగానే కార్డు వస్తుందనీ, వానలకి ముందే ఆపరేషన్ చేయించుకోవచ్చనీ చెప్పాడు. రుజువు కావాలి, దానికి చెల్లెలి కాగితాలు పనికొస్తాయి. ఆ మాట విని గురునాథరావు ఛాతీ మీది వైర్లన్నీ తనే పీకేసుకున్నాడు.

"మాతాజీ, అసలు వయసు ఎంతో సరిగ్గా చెప్పండి. రాసుకుంటాను" అన్నాడు సాహూ సాబ్ హిందీలో.

జోగమ్మ చెల్లెల్ని చూసింది. మొగుణ్ణి చూసింది. పెదవులు కదిలించి ఏదో లెక్క వేసుకుంది.

"డెబ్బై ఒకటి రాయండి బాబూ" అంది.

చెల్లెలి కన్నా ఒక ఏడు పెద్ద, మొగుడి కన్నా ఒక ఏడు చిన్న. ఆరోగ్య బీమా సంస్కరణ మీద ఆ రోజు భిలాయిలో తేలింది అదొక్కటే.