ఖీలూ, కీలూ

డాక్టరు ఆరు నెలలకు రాసిన మొటిమల మందును ఒక అమ్మాయి రెండో ఏడు కూడా మింగుతూ ఉంటే, ఇక చాలని చెప్పవలసినవారు ఎవరు? రాసిన డాక్టరా, అమ్మిన దుకాణమా, మింగుతున్న మనిషా? అడిగి చూడండి, ముగ్గురూ మిగిలిన ఇద్దరినీ చూపిస్తారు. ఆ ఆదివారం పొద్దున వసంతలక్ష్మికి మాత్రం ఇంత పెద్ద ప్రశ్నతో నిమిత్తం లేదు. ఇచ్ఛాపూర్ బజారులో గోంగూర దొరికితే గోంగూర, లేకపోతే మెంతికూర తేవాలి. వస్తూ వస్తూ కూతురి బలం మాత్రలు కొనాలి. ఆమె తలపెట్టినది అంతే.

అవి బలం మాత్రలని కూతురు మధులతే చెప్పింది. మొటిమలకని చెబితే సున్నిపిండి మీద ఒకటి, నూనె వస్తువుల మీద ఒకటి, ఫోను మీద ఒకటి ఉపన్యాసాలు వినవలసి వస్తుందని ఆ పిల్ల భయం. తల్లి రాజమండ్రిలో తెలుగు లెక్చరరుగా చేసి, భర్త నాగభూషణానికి హజీరా ఫ్యాక్టరీలో ఉద్యోగం రావడంతో సూరత్ చేరిన మనిషి. ఉద్యోగం మానింది గాని పాఠం చెప్పడం మానలేదు.

మందుల దుకాణదారు ఆమె చూపిన ఖాళీ మాత్రల పట్టీని ఒకసారి చూసి, డాక్టరు చీటీ అడగకుండానే కొత్తది తీసి బల్ల మీద పెట్టాడు. కాషాయరంగు గొట్టం మాత్రలు. బలానికి ఇంత ఖరీదా అని ఆమెకు అనుమానం కలిగింది.

"యే కిస్‌కీ దవా హై, భాయ్?"

"ఖీల్ నీ దవా ఛే, బెన్. బేబీ తో కబ్ సే లే రహీ హై."

గుజరాతీలో ఖీల్ అంటే మొటిమ. వసంతలక్ష్మికి వచ్చిన గుజరాతీ కూరగాయల బండి దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. ఆమెకు వినిపించినది కీళ్ల దవా. అక్కరలేని ఒత్తు పలికినందుకు మొదట అతనిని మనసులోనే మందలించింది. అర్థం ఆ తరువాత తలకెక్కింది. ఇరవై మూడేళ్ల పిల్లకు కీళ్ల జబ్బు! అదీ తల్లికి చెప్పకుండా, ఎప్పటినుంచో! కొన్న గోంగూర దుకాణం బల్ల మీదే ఉండిపోయింది.

మధులత ఫోను ఎత్తలేదు. నవరాత్రులు దగ్గరపడ్డాయి, ఆ పిల్ల గర్బా ప్రాక్టీసులో ఉంది. అంటే అరిగిన కీళ్లతో ఈ క్షణాన గెంతుతోందన్నమాట. వసంతలక్ష్మి ఆదివారం కూడా డ్యూటీలో ఉన్న భర్తకు ఫోను చేసింది.

"అమ్మాయికి కీళ్ల జబ్బుటండీ. ఎప్పట్నించో మందు మింగుతోందిట."

"కీళ్లా? ఈ వయసులోనా? ఎవరు చెప్పారు నీకు?"

"మందుల షాపతను. మీ పెద్దక్కయ్యకి ముప్పైలోనే రాలేదూ? మీ వంశం నుంచి దానికొచ్చింది ఆ ముక్కు ఒక్కటే అనుకున్నాను."

"వసంతా, బాయిలరు పక్కనున్నాను. వినబడ్డంలేదు."

"వినబడదు లెండి. అక్కయ్యగారి ప్రసక్తి వచ్చిందిగా!"

మెట్ల దగ్గర ఎదురింటి సుభాషిణి కనబడింది. సిరిసిల్ల మనిషి, భర్త కడోదరాలో మగ్గాలు నడుపుతాడు. వసంతలక్ష్మి ముఖం చూసి చేతిలోని చీపురు కింద పెట్టింది.

"ఏందక్కా, గిట్లున్నవ్?"

"మధుకి కీళ్లు పోయాయమ్మా. అది తెలియక అక్కడ గెంతుతోంది."

"అయ్యో, గంత చిన్న పోరికా! జర ఆగు. మా మామ కుర్చీ ఉన్నది, చక్రాలది. ఆయన పోయినంక ఉట్టిగనే పడున్నది. ఏస్కొని పోదాం. కీళ్లు పోయినోళ్లను నడిపియ్యద్దు."

ఆటోవాడు కుర్చీని పైన తాళ్లతో కట్టాడు. దారి పొడుగునా సుభాషిణి కీళ్లు పోయిన తన బంధువులందరి చరిత్రలూ చెప్పింది. వారిలో లేచి తిరిగినవారు ఒక్కరూ లేరు. వసంతలక్ష్మి కళ్ల ముందు కూతురు మంచంలో ఉన్నట్టు, తాను దాని జడ వేస్తున్నట్టు కనబడింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

హాలులో పాట హోరెత్తుతోంది. వేదిక నడుమ మధులత గాలిలోకి ఎగిరి గిర్రున తిరుగుతోంది. వసంతలక్ష్మి మెట్లెక్కి, నేర్పే ఆవిడ చేతిలోని మైకు అందుకుంది. సూరత్‌లో సూరత్ భాషే చెల్లుతుందని ఆలోచించి, దుకాణంలో విన్న మాటను ఒత్తుతో సహా ప్రయోగించింది.

"బంద్ కరో! మేరీ బేటీ కో ఖీల్ హై! బహుత్ ఖీల్! కబ్ సే దవా ఖా రహీ హై!"

పాట ఆగింది. హాలులోని అమ్మాయిలందరూ మధులత ముఖం వైపు చూశారు. నేర్పే ఆవిడ జాలిగా నవ్వింది.

"టెన్షన్ మత్ లో, ఆంటీ. ఇస్ ఉమర్ మే సబ్ కో హోతా హై."

"సబ్ కో?" వసంతలక్ష్మి వెనక్కి తిరిగింది. "సుభాషిణీ, విన్నావా! ఇంతమంది పిల్లలకీ ఉందిట! ఈ ఊరి నీళ్లలో ఏముందమ్మా!"

ముందు వరసలోని పిల్ల ఓదార్పుగా తన వీపు తట్టి చూపించింది. "ముఝే తో పీఠ్ పే భీ హై, ఆంటీ."

"రామరామ! దీనికి వెన్నుదాకా పాకింది!"

"అమ్మా!" మధులత గొంతు హాలు అవతలకు వినబడింది. "ఖీల్ అంటే మొటిమలు! ఇన్నాళ్లూ ఎవరికీ తెలీకుండా మేనేజ్ చేశా. నువ్వు మైకులో చెప్పేశావ్!"

సుభాషిణి నోరు తెరిచింది. "ఓ అక్కా! గా మందుల షాపాయన ఖీల్ అన్నడా? నువ్వు నాకు కీళ్లంటివి గదనే! ఉత్తపుణ్యానికి మా మామ కుర్చీ మోపిచ్చినవ్."

వసంతలక్ష్మి వేదిక దిగి, సుభాషిణి తోసుకొచ్చిన ఆ కుర్చీలోనే కూలబడింది. అమ్మాయిలు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. మధులత కోపంతో ఎర్రబడి, వెళ్లేముందు వేదికకు దండం పెట్టడానికి వంగింది. లేవబోయి ఆగింది. మోకాలు పట్టుకుని, పళ్లు బిగించి, మెల్లగా లేచింది.

"అదేవిటే?" అంది తల్లి.

"ఏం లేదు. పొద్దున లేవగానే మోకాళ్లు పట్టేస్తున్నాయి, కొన్నాళ్లుగా. ప్రాక్టీస్ వల్లే."

"ప్రాక్టీసు మొన్న మొదలుపెట్టావు. కొన్నాళ్లుగా అంటే ఎన్నాళ్లు?"

వసంతలక్ష్మి కుర్చీలోంచి లేచింది. ఎవరి నవ్వూ ఆమెకు ఇక వినబడలేదు.

మరునాడు చర్మవైద్యురాలు పట్టీ చూసి కళ్లజోడు తీసేసింది. ఆరు నెలలకు రాసింది తానే. మధ్యమధ్య రక్తపరీక్షలు చేయించుకుని రమ్మన్నదీ తానే. ముఖం తేటపడగానే, ఆపితే మళ్లీ వస్తాయేమోనన్న భయంతో పిల్ల ఆసుపత్రికి రావడం మానింది, దుకాణానికి వెళ్లడం మానలేదు. ఈ మందుతో కీళ్లు, కండరాలు నొప్పి పెట్టవచ్చునని, రక్తంలో కొవ్వు పెరగవచ్చునని, కాలేయాన్ని గమనిస్తూ ఉండాలని, కడుపుతో ఉన్నవారు తాకనే కూడదని ఆమె వరుసగా చెప్పింది. మందు ఆపించింది. పరీక్షలలో కొవ్వు హెచ్చుగా తేలింది, కాలేయం దయతలచింది. కొన్ని వారాలకు మోకాళ్లు వదిలాయి. గడ్డం మీద ఒక మొటిమ తిరిగి వచ్చింది. వసంతలక్ష్మి దానిని చూసి, జీవితంలో మొదటిసారి, ఉపన్యాసం ఇవ్వలేదు.

చదువుకున్న తల్లి, ఇంజనీరు తండ్రి, పేరున్న డాక్టరు, లైసెన్సున్న దుకాణం ఉండగా ఈ పిల్లను కాపాడినది తెలుగు చెవికి తప్పుగా వినబడిన ఒక్క గుజరాతీ ముక్క. ఇది నవ్వవలసిన సంగతి కాదు. మీ ఇంట్లోనూ అద్దం ముందు నిలబడే పిల్ల ఒకరు ఉంటారు. ఏం మింగుతున్నావు, ఎన్నాళ్లయింది, డాక్టరు చివరిసారి ఎప్పుడు చూశాడు అని వెళ్లి అడగండి. ఇంకా కూర్చున్నారేం? కథ అయిపోయింది, లేవండి.