నాగూర్ బాషా సొంత అభిప్రాయం

ఆ ఉదయం నాగూర్ బాషా పెట్టుకున్న పని ఒక్కటే: చాయ్ తాగేలోపు ఇంట్లో ఏదో ఒక విషయం మీద తన సొంత అభిప్రాయం చెప్పడం. ఇదీ ఒక పనేనా అని తీసిపారేయకండి. నిజాం జమానాలో ఏళ్ల తరబడి గుమాస్తాగిరీ వెలగబెట్టినవాణ్ణి అడగండి, తెలుస్తుంది. మన బాషా పనిచేసిన దఫ్తరులో కాగితం మీద ఏం రాసినా, చివర హుజూర్ మర్జీయే, అంటే దొరవారి ఇష్టమే, తన మర్జీ అని రాసి చేతులు కట్టుకోవాల్సిందే. సొంత అభిప్రాయం ఉన్నవాడు మర్నాడు ఏ అడవి తాలూకాలోనో తేలేవాడు.

ఇప్పుడు పోలీసు చర్య జరిగి ఏడాది దాటింది. దఫ్తరు ఆఫీసయింది, ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది, మద్రాసు నుంచి కొత్త ఆఫీసరు సికింద్రాబాదులో దిగాడు. పాత గుమాస్తాలంతా శనివారం ఇంగ్లీషులో ఒక అభిప్రాయ వ్యాసం రాయాలట. పరీక్ష పోతే కొలువూ పోతుంది.

బాషాకు ఇంగ్లీషు అంతో ఇంతో వచ్చు. రానిది అభిప్రాయమే. అందుకని రోజూ సాయంత్రం బన్సీలాల్‌పేట నుంచి మారేడ్‌పల్లి నడిచి, సామ్యూల్ మాస్టారి దగ్గర ట్యూషన్ చెప్పించుకుంటున్నాడు. నెత్తి నెరిసినవాడు బడికి పోతున్నాడని నవ్వుతారేమోనని పెళ్లాం షాహీదాకు కూడా చెప్పలేదు.

మాస్టారు మొదట "పల్లె మేలా, పట్నం మేలా?" అని రాయించాడు. బాషా "రెండూ మేలే, తమరు ఏది మేలంటే అదే ఇంకా మేలు" అని ముగించాడు. మాస్టారు తల పట్టుకున్నాడు.

"ఏందయ్యా గిది! ముందుగాల నీ మాట చెప్పాలె. రెండు కారణాలు చూపాలె. ఎదుటోడి మాట తప్పని తేల్చాలె. ఆఖర్ల గట్టిగ ముగించాలె. ఇంట్ల అలవాటు చెయ్యి, రోజుకొకటి!"

అదీ సంగతి. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి షాహీదా రోజూ అడిగేదే అడిగింది. "ఇయ్యాల వంకాయ చెయ్యనా, పప్పు చెయ్యనా?" పెళ్లయిన నాటి నుంచి "నీ ఇష్టం" తప్ప ఇంకో జవాబు ఆమె ఎరగదు.

"పప్పు," అన్నాడు బాషా గొంతు సవరించుకుని. "కారణాలు రెండు. ఒకటి, నిన్న సుత వంకాయే. రెండు, నీ వంకాయ ఎప్పుడు జూడు అడుగంటుతది. వంకాయే రుచి అనేటోళ్లుంటరు, గని వాళ్లది తప్పు. కాబట్టి పప్పే!"

షాహీదా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. మొదటి రోజే ఇంత చక్కగా కుదిరిందని బాషా మురిసిపోతూ ఆఫీసుకు పోయాడు.

షాహీదా ఏడ్చుకుంటూ పక్కింటి దేవమ్మ దగ్గరికి పోయింది. "ఆయన నోట్లకెళ్లి గిన్ని మాటలు ఎన్నడు ఇనలే, దేవమ్మక్కా. పరేషానైతుంది."

"పొద్దుమూకితే యాడికి పోతుండు?"

"దోస్తుల తానికంటడు."

దేవమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "మారేడ్‌పల్లిల ఒకింట్లకు పోంగ మా ఆయన జూసిండట. తలుపు తీసింది పడుచుపిల్లనట! మంచి వంకాయ ఇంకెక్కడనో తింటుండు, బిడ్డా. లేకుంటే నీది అడుగంటుతదని ఇప్పుడే ఎట్ల ఎరుకైంది?"

ఈ తర్కానికి తిరుగేముంది? మధ్యాహ్నానికి కబురు యాప్రాల్‌లోని పుట్టింటికి చేరింది. షాహీదా తల్లి ఖాసింబీ జట్కా కట్టించుకుని వచ్చి దిగింది. సాయంత్రం ముగ్గురు ఆడవాళ్లూ బాషా వెనకాలే దూరం దూరంగా నడిచి, అతను లోపలికి పోగానే తలుపు బాదారు. మాస్టారి కూతురు ఎమిలీ తలుపు తీసింది. ఖాసింబీ ఆమెను ఎగాదిగా చూసి, "నువ్వేనా వంకాయ వండేది?" అంది.

"మా ఇంట్ల వంట నాన్నదే," అంది ఆ పిల్ల బిత్తరపోయి.

మాస్టారు బయటికొచ్చి ట్యూషనూ, పరీక్షా, కొలువు సంగతీ అన్నీ విప్పి చెప్పాడు. షాహీదా ముందు "అల్లా!" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"కొలువు పోయేటట్టుంటే నాకు చెప్పవా? నిజం చెప్పాలె, అంతే! ట్యూషనని చెప్తే నేనే జెర తినబెట్టి పంపిస్తుంటి. వంకాయ సంగతి పెండ్లైన కొత్తల్నే చెప్తే మర్నాడే మంట తగ్గిస్తుంటి. నోరు మూసుకుంటే ఇంట్ల శాంతి అంటవా? అది శాంతి గాదు, బద్ధకం! ఇగ రేపట్నుంచి ఏదున్నా చెప్పాలె. దేవుడు నోరిచ్చింది చాయ్ తాగేటందుకే గాదు!"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "గిదయ్యా బాషా, వ్యాసమంటే!"

శనివారం బాషా ప్రశ్న కాగితం తిప్పి చూశాడు. నిజం చెప్పడం అన్నివేళలా మేలేనా, మీ అభిప్రాయం రాయండి, అని ఉంది. ఇంకేముంది, వంకాయతో షురూ చేసి చాయ్ దాకా మొత్తం ఇంగ్లీషులో దించేశాడు.

సోమవారం ఆఫీసరు పిలిపించాడు. "అందరూ ఆఫీసరుగారి మాటే నిజమని రాశారు. మీరొక్కరే వాదించారు. పాసు చేద్దామనే ఉంది. కానీ సొంత అభిప్రాయం కాకపోతే చెల్లదు. ఇది మీ సొంతమేనా?"

అవునంటే కొలువు నిలుస్తుంది. అయినా నిజమే మేలని అన్ని పేజీలు రాసినవాడు ఏమంటాడు?

"లేదు సార్. మా ఇంటామెది. ఆమె చెప్పినంక నాది సుత అదే అయింది."

ఆఫీసరు బల్ల మీద ఇంటి నుంచి భార్య పంపిన తన టిఫిన్ క్యారియరు వైపు ఓసారి చూశాడు. తర్వాత, తన అభిప్రాయం మాత్రం చెప్పకుండా, బాషా వ్యాసం మీద పాసు అని రాసి సంతకం పెట్టాడు.