రెండు పర్సులు, రెండూ భద్రం!

పాఠకులారా, డబ్బు దాచుకోవడానికి ఏ పర్సు మంచిదో తేల్చుకోలేకపోవడం మనిషికి దొరికిన గొప్ప వరం! నవ్వకండి. పర్సులు, బెల్టులు అమ్ముతూ జుట్టు నెరిసినవాణ్ని. లాభం లేని మాట నా నోట రాదు.

మొదట్లో నా చేతిలో ఉన్నది కుట్టుమిషన్ డబ్బు. కొట్టు వెనక గదిలో మా ఆవిడ పర్సులకు జిప్పులు కుట్టే మిషన్ ముక్కుతూ మూలుగుతోంది. కొత్తది కొనాలని దాచాం.

"ఇది క్రిప్టోలో పెడితే ఒకటికి రెండు మిషన్లొస్తాయే!" అన్నాను.

"ముందు ఒకటి రానివ్వండి" అంది.

క్రిప్టో అంటే కంప్యూటర్లో మాత్రమే ఉండే, చేతికి అందని డబ్బు. కొంటే సరిపోదట, దాచడానికి వాలెట్ అనే పర్సు కావాలట. పర్సులమ్మేవాడికి పర్సు ఎంచుకోవడం ఒక లెక్కా?

"బ్రౌజర్‌కి తగిలించే ఎక్స్‌టెన్షన్ వాలెట్ పెట్టుకో మామయ్యా. ఇంటర్నెట్ తెరిస్తే మూలన అదే ఉంటుంది. ఒక్క క్లిక్కు!" అన్నాడు మేనల్లుడు.

కంప్యూటర్లు బాగుచేసే మా బావమరిది గుండె పట్టుకున్నాడు. "బ్రౌజర్లోనా బావా? సంతలో జేబు తిరగేసుకుని నడిచినట్టే! డెస్క్‌టాప్ వాలెట్ అయితే నీ కంప్యూటర్లో, నీ కళ్లముందే పడుంటుంది."

"ఆ కంప్యూటరే చస్తే?" అని ఎగిరాడు మేనల్లుడు.

పెళ్లిళ్లలో ఎదురుపడ్డా పలకరించుకోని ఈ ఇద్దరూ ఇప్పుడు రోజూ మా ఇంటికొచ్చి కొట్టుకుంటున్నారు. చుట్టరికాలు కలపడం ఏ తోలు పర్సుకైనా చేతనైందా?

తెలివైన వ్యాపారి ఏం చేస్తాడు? రెండూ పెట్టించుకున్నాను. ఒక్కో వాలెట్‌కీ పన్నెండు రహస్య పదాలట. మరిచిపోతే డబ్బు గల్లంతు, ఎవరికైనా చెబితే గోవిందా! గల్లా దగ్గర కూర్చుని వల్లెవేశాను. ఒకాయన వచ్చి "బెల్టెంతండీ?" అంటే "ఏనుగు, నిచ్చెన, గుమ్మడికాయ" అన్నాను.

"నిచ్చెనొద్దండీ, బెల్టు చాలు" అన్నాడు పాపం.

రహస్యం బజారున పడిందని బావమరిది లబోదిబోమంటూ వాలెట్ మళ్లీ మొదటినుంచీ పెట్టాడు. కొత్త పదాలు! ఈ వయసులో జ్ఞాపకశక్తికి ఇంతకన్నా మంచి మందుందా?

డెస్క్‌టాప్ వాలెట్ బరువు మా పాత కంప్యూటర్ మోయలేనంది. కొత్తది కొన్నాను. ఎక్స్‌టెన్షన్‌ను దాని పక్కన ఉంచితే ప్రమాదమట. దానికో ల్యాప్‌టాప్ కొన్నాను. రెండింటికీ వైరస్ పట్టకుండా కాపలా సాఫ్ట్‌వేర్, ఏటా చందా! నా తోలు పర్సు ఏనాడైనా అప్‌డేట్ అడిగిందా? అడగడం రాకే అది వెనకబడిపోయింది!

"అన్నీ సిద్ధం! ఇక డబ్బు వెయ్యి మామయ్యా!" అన్నాడు మేనల్లుడు.

డబ్బా? మిషన్ డబ్బంతా పర్సుల పోషణకే సరిపోయింది. అయినా గమనించండి, లోకంలోని దొంగలంతా కట్టగట్టుకుని వచ్చినా నా వాలెట్లలోంచి పైసా తీయలేరు! ఏ బ్యాంకుకుంది ఇంత భద్రత?

ఈ సంగతే మా ఆవిడకు గర్వంగా వివరించాను. అద్దాల బీరువాలో పెట్టే పర్సులు బొద్దుగా కనబడాలని లోపల పాత పేపర్ కుక్కడం మా వ్యాపారంలో మామూలే. ఆవిడ ఆ పనిలోనే ఉంది.

"ఇంతకీ ఆ రెండింట్లో ఏముందండీ?"

"ఏమీ లేదు."

"మన వాటిలో పాత పేపరైనా ఉంటుంది!"

తుది లెక్క ఇదీ: రెండు వాలెట్లు వచ్చాయి, రెండూ ఖాళీ. మిషన్ మాత్రం పాతదే, ఇంకా మూలుగుతోంది.

కనీసం పాత పేపర్ లాంటిదేదైనా వాటిలో కుక్కే మార్గముందా అని మేనల్లుణ్ని అడిగాను. దానికో ఎక్స్‌టెన్షన్ ఉందట. బావమరిది మాత్రం డెస్క్‌టాప్‌దే మేలంటున్నాడు.