పచ్చ లైటుకు ప్రపంచ తీర్మానం

ప్రపంచాన్ని మార్చాలనుకునే పార్టీకి ఏం కావాలి? జనం అంటారు మీరు. అక్కడే పప్పులో కాలేశారు! జనం వస్తే కష్టాలు వెంట తెస్తారు. వాళ్ల కష్టాలు వింటూ కూర్చుంటే ప్రపంచాన్ని ఎవరు మారుస్తారు? పార్టీకి కావలసింది మీటింగు. ఆ మీటింగు మీద ఇంకో మీటింగు.

ఊరికే అనడం లేదు. నలభై మూడు దేశాల్లో శాఖలున్న విశ్వమానవ పార్టీకి కీలుంగ్ అనే రేవు నగరంలో కార్యదర్శిని నేను. మా శాఖలో ముగ్గురం. ఒకాయన పోయిన ఏడాది చనిపోయారు. రాజీనామా ఇవ్వలేదు గనక ఆయన పేరు కొట్టెయ్యడానికి నిబంధనలు ఒప్పుకోవు.

ప్రతి ఆదివారం ఆన్‌లైన్ మీటింగు. మొదటి అరగంటా "వినిపిస్తోందా?" అని నలభై మూడు దేశాలూ ఒకదాన్నొకటి అడుగుతాయి. మానవజాతి ఇంత ఐకమత్యంగా ఒకే ప్రశ్న వేయడం ఎప్పుడైనా విన్నారా? జెండా రంగు తేలడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పుడు దానికి ఏ రంగూ లేదు. ఎవరికీ అభ్యంతరమూ లేదు.

పని ఇలా చక్కగా సాగుతుండగా బి-చు అవ్వ వచ్చిపడింది.

అవ్వకు డెబ్బై తొమ్మిదేళ్లు. రేవు దగ్గర చేప ఉండల సూప్ అమ్ముతుంది. తోపుడుబండితో రోడ్డు సగం దాటేసరికే పచ్చ లైటు ఆరిపోతోందట. మొన్న వానలో ఒక స్కూటరు బండిని రాసుకుంటూ పోయింది. సూప్ అంతా రోడ్డు పాలైంది. అవ్వ మోకాలు వాచింది.

"నీది ప్రపంచ పార్టీ అట కదరా! ఆ లైటు ఇంకాస్సేపు వెలిగేట్టు చెయ్యలేవూ?"

"అవ్వా, ఇది స్థానిక సమస్య. ముందు దీన్ని ప్రపంచ సమస్యగా మార్చాలి. కొంచెం ఓపిక పట్టు."

"కొంచెం అంటే?"

"రెండు మహాసభలు."

"అప్పటికి నేనెక్కడుంటాను? పోనీ, ఆ చచ్చిపోయినాయన పక్కన నా పేరు కూడా రాసుకో!"

నేను నొచ్చుకోలేదు. తీర్మానం పంపాను. పదిహేడు భాషల్లో తిరిగొచ్చింది. 'పచ్చ' అన్న మాట తమదేనంది పర్యావరణ విభాగం. 'దాటడం' అంటే సరిహద్దులు దాటడమా అని వలసల విభాగం నిలదీసింది. 'ముసలావిడ' తీసేసి 'అనుభవ సంపన్న పాదచారి' అని చేర్చారు. సవరణలన్నీ అయ్యాక చూస్తే తీర్మానంలో లైటే లేదు!

ఈలోగా అవ్వ ఏం చేసిందో తెలుసా? ఒకరోజు పొద్దున్నే బండి తోసుకెళ్లి, లైటు ఆరిపోయినచోటే ఆగిపోయింది. సరిగ్గా నడిరోడ్డు మీద!

"జరగవే అవ్వా!" అని బస్సు డ్రైవరు కిటికీలోంచి అరిచాడు.

"ఎర్ర లైటు పడింది నాయనా. ఎట్లా దాటను? తప్పు కదూ!"

మర్నాడు ఇంకో నలుగురు ముసలమ్మలు గొడుగులేసుకుని వచ్చారు. మూడో రోజు బస్సులు రేవుదాకా బారులు తీరాయి. నాలుగో రోజు వార్డు పెద్ద లియావ్ గడియారం పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. అవ్వ పక్కనే నడుస్తూ, ఆవిడ అడుగులకు సెకన్లు లెక్కపెట్టాడు. పది రోజుల్లో పచ్చ లైటుకు పన్నెండు సెకన్లు కలిశాయి.

ఎంత అరాచకం! ఎజెండా లేదు, కోరం లేదు, కనీసం ఒక ఉపసంఘమైనా లేదు. ఇలా ఎవరికి వారు పని జరిపించేసుకుంటే పార్టీల గతేం కాను?

ఆ మూడు రోజులూ వానలో అవ్వకు గొడుగు పట్టింది నేనే. సిగ్గుపడుతూనే పట్టాను. కేంద్ర కార్యాలయానికి ఈ కబురు ఎవరు మోశారో గానీ నోటీసు రానే వచ్చింది: 'అనుమతి లేకుండా మార్పు తెచ్చినందుకు సంజాయిషీ ఇవ్వగలరు.'

నోటీసు చదివి వినిపిస్తే అవ్వ ఉండలు చుట్టడం ఆపనేలేదు.

"రాసుకో నాయనా, తీరిగ్గా రాసుకో. అయ్యాక ఇటు రా. ఆస్పత్రి బస్టాపులో కూర్చోడానికి బెంచీ లేదు."

సంజాయిషీ ఇంకా మొదటి పేజీలోనే ఉంది. బెంచీ మంగళవారం వేశారు.