నామినీ వయసు ఆరేళ్లు

నలభై నాలుగేళ్ల హైమవతి సోమవారం పదకొండున్నరకు, పొదుపు కార్యాలయంలో మూడో కౌంటరు ముందు, నిబంధనల ప్రకారం ఆరేళ్ల పిల్ల అయింది. వారానికి ఇద్దరు ముగ్గురు అలా అవుతూనే ఉంటారు కాబట్టి క్యూలో ఎవరూ తల తిప్పలేదు.

ఆమె తండ్రి పానకాలు చనిపోయి నాలుగు నెలలైంది. ఆయన దీర్ఘకాల పొదుపు ఖాతాలో డబ్బుంది. శుక్రవారంలోగా అది చేతికొస్తే హైమవతి కూతురు లిఖిత నర్సింగులో చేరుతుంది, రాకపోతే సీటు పోతుంది. ఇంట్లో ఉన్నది తల్లీకూతుళ్లిద్దరే. ఇంకో దారి లేదు.

పానకాలు ఖాతా తెరిచిన రోజున నామినీ గడిలో ‘హైమవతి, మైనర్, ఆరేళ్లు’ అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, ఆ సంగతి ముప్ఫై ఎనిమిదేళ్లు హాయిగా మర్చిపోయాడు.

“రికార్డులో ఆరేళ్లని ఉంది. మీరేమో నలభై నాలుగంటున్నారు,” అన్నాడు గుమాస్తా.

“అప్పుడు ఆరేళ్లండీ. తర్వాత పెరిగాను.”

“పెరిగినట్టు మాకు దరఖాస్తు రాలేదమ్మా. రికార్డు మార్చే అధికారం నాకు లేదు. మీరు మారతానంటే మాత్రం అభ్యంతరం లేదు.”

మంచి మనిషి, ఫారం తనే నింపి పెట్టాడు. హైమవతి సంతకం చేస్తుండగానే చెయ్యి చిన్నదైపోయి, చివరి అక్షరం గీత దాటింది. జాకెట్టు గౌనులా మోకాళ్ల దాకా దిగింది. జారిన చీరను పక్కనే ఉన్న లిఖిత మడిచి సంచిలో పెట్టుకుంది. కౌంటరు అందేందుకు ప్యూను స్టూలు తెచ్చి వేశాడు. ఆ స్టూలున్నది అందుకే.

గుమాస్తా పిల్లనీ రికార్డునీ సరిచూసుకుని టిక్కు పెట్టాడు.

“ఇప్పుడన్నీ సరిపోయాయి. కాకపోతే మైనరు చేతికి డబ్బివ్వం. పద్దెనిమిది నిండాక రావాలి. గార్డియన్ గడిలో తండ్రి పేరుంది, ఆయనా లేడాయె. పెద్దవాళ్లెవరున్నారు?”

లిఖితకు కిందటి నెలే పద్దెనిమిది నిండాయి. “నేనున్నానండీ.”

“ఈ పాపకి ఏమవుతావు?”

“కూతుర్ని.”

గుమాస్తా ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకుని, గార్డియన్‌గా కూతురు చెల్లదని చెప్పి, పన్నెండేళ్ల తర్వాతి తేదీతో రసీదు ఇచ్చాడు.

లిఖితకు ఏడుపు తన్నుకొచ్చింది. అంతలో హైమవతి ఆమె చున్నీ పట్టుకు లాగింది.

“అక్కా, ఆకలేస్తోంది.”

పక్కన పసిపిల్లని పెట్టుకుని ఏడవడం బాగుండదని లిఖిత ఊరుకుంది. ఇద్దరూ ఇడ్లీ తిని ఇంటికెళ్లారు.

శుక్రవారం సీటు పోయింది. శనివారం లిఖిత బజార్లో చీరల షాపులో పనికి కుదిరింది. చదువెందుకు మానేశావని షాపాయన అడిగాడు.

“మా అమ్మని బళ్లో వెయ్యాలండీ.”

ఆయనకేం వింతగా తోచలేదు. అక్కడ అప్పటికే పనిచేస్తున్న ముగ్గురమ్మాయిలూ తమ్ముళ్లని చదివిస్తున్నవాళ్లే. కాటన్ చీరల దగ్గర నిలబడమన్నాడు.