ఎడమవైపు వెనక తలుపు

సాగరదర్శిని అపార్ట్‌మెంట్‌లో ఆ ఏడాది ముఖ పరిశీలన జరిగినప్పుడు మూడో అంతస్తు గంటి సోమశేఖరం తన కారు తలుపులో కనబడలేదు కాబట్టి, ఆయన అక్కడ ఉండటం లేదని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం చదివేటప్పుడు సోమశేఖరం అక్కడే నిలబడి ఉన్నాడు. చదవడం అయ్యాక అందరితో పాటు టీ కూడా తాగాడు.

ఇందులో వింతేమీ లేదు. ఎవరు నిజంగా కాపురం ఉంటున్నారో, ఎవరు తాళం వేసుకుని పోయారో తేల్చడానికి మనుషుల మాట నమ్మితే లాభం లేదని ఆ అపార్ట్‌మెంట్ వాళ్ళకి ఎప్పుడో తెలిసొచ్చింది. అడిగితే అందరూ ఉన్నామనే అంటారు. అందుకని ఏడాదికోసారి కమిటీ వాళ్ళు టార్చిలైటు పట్టుకుని సెల్లారులోకి దిగి, ఒక్కొక్కరినీ వాళ్ళ వాళ్ళ కారు ముందు నిలబెట్టి, కారు ఒంటి మీద మొహం కనబడుతోందా లేదా అని చూస్తారు. కనబడితే ఆ మనిషి ఉన్నట్టు. కనబడకపోతే లేనట్టు. లేని మనిషికి పై నుంచి నీళ్ళు కట్టేస్తారు, ఫ్లాటుకి తాళం పెడతారు.

కారు లేనివాళ్ళు పక్కవాళ్ళ స్కూటర్ మడ్‌గార్డు ముందు నిలబడొచ్చు. అందులో మనిషి పొట్టిగా, అడ్డంగా కనబడతాడు గనక మీటింగుల్లో వాళ్ళ మాటకి విలువ కూడా ఆ మేరకే. అయిదో అంతస్తు కాంట్రాక్టరు గారి నల్ల కారు మరీ పెద్దది, మరీ నున్నటిది. ఏ వైపు నుంచి చూసినా ఆయనే కనబడతాడు, అందుచేత ఆయనకి మూడు ఓట్లు. కోశాధికారి గారు మస్కట్‌లో ఉంటారు. ఆయన్ని ఇక్కడ చూసినవాళ్ళు లేరు గాని, ఆయన కారుని రోజూ ఒక మనిషి వచ్చి తుడిచిపోతాడు. పరిశీలన రోజున ఆ తుడిచే మనిషి మొహం అందులో చక్కగా కనబడింది. అది కోశాధికారి గారి మొహం కాదని చెప్పడానికి ఎవరి దగ్గరా ఆధారం లేకపోయింది.

సోమశేఖరం కాకినాడలోనే ఒక ఎరువుల కంపెనీ స్టోర్స్‌లో పనిచేస్తాడు. భార్య ఇందుమతి పోయిన తరవాత ఆయన కారు బయటికి తీయలేదు. అసలు కారు కొన్నదే ఆవిడ కోసం, బస్సెక్కితే ఆవిడకి కడుపులో తిప్పుతుందని. ఇప్పుడు కడుపులో తిప్పేవాళ్ళెవరూ లేరు గనక ఆయన బస్సులో పోయి బస్సులో వస్తున్నాడు. ఉప్పుగాలికీ సెల్లారు దుమ్ముకీ ఆ ఎర్రకారు పాత ఇటుక రంగుకి దిగింది. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది.

ఆయనకిచ్చిన పార్కింగు మూలన ఉంది. ముందు గోడ, కుడివైపు ఆయన ఒదిగి ఎక్కేంత సందు వదిలి నీళ్ళ సంపు, ఎడమవైపు ముందు తలుపుకి అడ్డంగా స్తంభం. ఆ తలుపు పూర్తిగా తెరుచుకోదు గనక ఇందుమతి ఎప్పుడూ వెనకే ఎక్కేది. చూసినవాళ్ళు ఆయన్ని డ్రైవరనుకునేవారు. ఆవిడ కూడా సరదాపడి "పోనివ్వవయ్యా" అనేది. ఇప్పుడు పరిశీలనకి మనిషి నిలబడే చోటు కూడా ఆ ఎడమవైపు వెనక తలుపు ముందు ఒక్కటే.

సెక్రటరీ దువ్వూరి నరసింగరావు తాలూకా ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. మర్యాదస్తుడు.

"ఆదివారం మళ్ళీ వస్తామండి," అన్నాడు. "ఈలోగా పాలిష్ పెట్టించుకోండి. మెషిన్ పెడితే ఎంతసేపు."

"మెషిన్‌కి కరెంటు కావాలి గదండి. సెల్లార్లో ప్లగ్గుంది, ఒక పూట ఇప్పించండి."

"అది ఇక్కడ ఉంటున్నవాళ్ళకండి."

"నేను ఉంటున్నాను గదండి."

"తలుపులో కనబడగానే ఇచ్చేస్తాం."

"కనబడటానికేనండి ప్లగ్గు."

నరసింగరావు జాలిగా తలాడించాడు. "మీలాంటివాళ్ళు ఏటా ఒకరిద్దరు ఉంటూనే ఉంటారండి," అన్నాడు.

మూడో అంతస్తు నుంచి వైరు వేలాడదీసుకుందామంటే దానికీ వీల్లేదు. పోయినేడాది ఎవరో అలాగే వేలాడదీస్తే ఆ వైరు కాంట్రాక్టరు గారి కారులో కనబడి, అద్దెకి దిగినట్టు లెక్కలోకి వచ్చేసింది. దాన్ని ఖాళీ చేయించేసరికి కమిటీకి తలప్రాణం తోకకొచ్చింది. కారుని నెట్టుకుంటూ బయటి షెడ్డుకి తీసుకుపోదామంటే, లేని మనిషి కారుకి గేటు తీయకూడదు. చేత్తో రుద్దుకోవడానికి మాత్రం ఎవరికీ ఏ అభ్యంతరమూ లేదు.

కారు సామాన్ల కొట్టు జిలానీ పెయింటు రుద్దే కాంపౌండు డబ్బా ఒకటి, స్పాంజి ముక్కలు, మెత్తటి గుడ్డలు తీసి కౌంటరు మీద పెట్టాడు. "చేత్తో అయితే తొందరపడకండి సార్," అన్నాడు. "ఒక్కసారి బెత్తెడు మేర. గుండ్రంగా రుద్దండి, ఆరకముందే తుడిచేయండి. పైన చచ్చిన పొర పోవాలి, అప్పుడే కింద మెరుపు తేలుతుంది."

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే సోమశేఖరం లుంగీ కట్టుకుని, బకెట్టుతో నీళ్ళు దింపుకుని, తలుపు కడిగాడు. రెండు నీళ్ళు పోసి, తడి ఒత్తి చూసేసరికి తలుపులో ఇందుమతి ఉంది.

కాస్త మసగ్గా ఉంది గాని ఇందుమతే. ఎడంచేత్తో ముడి పట్టుకుని, పిన్ను పళ్ళ మధ్య పెట్టుకుని, తల కొంచెం వంచి ఉంది. ఆకుపచ్చ అంచు చీర. బయల్దేరే ముందు ప్రతిసారీ ఆవిడ ఆ తలుపులోనే చూసుకునేది. పైన నిలువుటద్దం ఏడుస్తుంటే ఇక్కడేమిటని ఆయన విసుక్కునేవాడు. లోపల కూర్చుని హారన్ కొట్టేవాడు. అన్నేళ్ళు ఒకచోట చూసుకున్న మొహం అక్కడ పట్టి ఉండటంలో ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. ఆయన ఎదురుగా నిలబడ్డా ఆయన కనబడకపోవడంలోనూ లేదు. ఆయన కనబడాల్సిన చోట ఆవిడ ఉంది.

"ఇందూ," అన్నాడు.

పిన్ను నోట్లో ఉండటంతో ఆవిడ పలకలేదు.

పని ఆగకూడదు గనక ఆయన స్పాంజికి కాంపౌండు రాసి, తలుపు కింది అంచున బెత్తెడు మేర గుండ్రంగా రుద్ది, తెల్లగుడ్డతో తుడిచాడు. గుడ్డకి ఆకుపచ్చ అంటుకుంది. తలుపులో ఆ బెత్తెడు మేర చీర అంచు లేదు. దాని బదులు సోమశేఖరం కాలి బొటనవేలు కనబడింది.

ఆయన బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుండిపోయాడు. మెషిన్ ఉండి ఉంటే ఈ సంగతి తెలిసేది కాదు. ఒక్కసారి బుర్రుమని తిరిగి ఆవిణ్ణి మొత్తం ఎగరగొట్టేసి, ఆయన్ని నిగనిగలాడుతూ నిలబెట్టేది. ఆయన కూడా సంతోషించి ఉండేవాడు. ఒంటరితనం అలవాటైపోయిందనే ఇన్నాళ్ళూ అనుకుంటున్నాడు. ఏమీ అలవాటు కాలేదని ఆ గుడ్డ చేతిలో పట్టుకుని కూర్చున్నప్పుడు తెలిసింది. దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మర్నాటి నుంచి ఆయన పాలిష్ వేరే రకంగా సాగింది. ఆవిడ చుట్టూ రుద్దడం మొదలుపెట్టాడు. భుజం దగ్గరికొచ్చేసరికి స్పాంజి పక్కన పెట్టి, చూపుడువేలికి గుడ్డ చుట్టుకుని, ఆవిడ మోచెయ్యి మీదికి పోకుండా ఒడ్డు వెంబడే రుద్దాడు. మెడ దగ్గర విడిపోయిన వెంట్రుకలున్నాయి. అక్కడ చెవులు శుభ్రం చేసుకునే దూదిపుల్లలు వాడాడు. ఆవిడ మీద మాత్రం కాంపౌండు తగలనివ్వకుండా పొడిగుడ్డతో ఒత్తాడు. పైనుంచి అన్నం డబ్బా తెచ్చుకుని అక్కడే తిన్నాడు. తింటూ కబుర్లు చెప్పాడు. మేనేజరు మారాడన్నాడు, కొబ్బరి పచ్చడి ఎలా చేసినా నీలా రావట్లేదన్నాడు. లిఫ్టు దిగినవాళ్ళు ఆయన పక్క నుంచే తమ కార్లకి వెళ్ళిపోయారు. లేని మనిషిని పలకరించడం బాగుండదని వాళ్ళ ఉద్దేశం. ఇదివరకూ పలకరించేవారు కారు గనక ఆయనకి పెద్ద తేడా తెలియలేదు.

ఆదివారం పొద్దున్నే కమిటీ దిగింది. సోమశేఖరం ఇస్త్రీ చొక్కా వేసుకుని తలుపు ముందు నిలబడ్డాడు. నరసింగరావు టార్చి వేసి, కళ్ళద్దాలు సరిచేసుకుని చాలాసేపు చూశాడు.

"అమ్మగారు ఉన్నారు," అన్నాడు. "సందేహం లేదు, నిండుగా ఉన్నారు." తరవాత టార్చి పక్కకి జరిపాడు. "ఈ చెవి ఎవరిదండి?"

"నాదేనండి."

"ఈ భుజం?"

"అదీ నాదే. కింద బొటనవేలు కూడా ఉందండి."

కమిటీ వాళ్ళు పక్కకెళ్ళి మాట్లాడుకుని వచ్చారు. "చూడండి శేఖరం గారూ, చెవీ భుజం కలిపి ఒక కాపురం కాదండి," అన్నాడు నరసింగరావు. "దారిన పోయేవాళ్ళు కూడా ఆమాత్రం పడతారు. మీ ఫ్లాట్లో అమ్మగారు ఉంటున్నట్టు రాసుకుంటాం. నీళ్ళు ఆపం, తాళం పెట్టం. మీరు వచ్చిపోయే మనిషి కింద ఉండొచ్చు."

అలా రాసుకోగానే ప్లగ్గు మూత తాళం తీశారు. ఫ్లాట్లో మనిషి ఉన్నాక ప్లగ్గు ఇవ్వకుండా ఆపే అధికారం కమిటీకి లేదు. నరసింగరావు మంచివాడు గనక కాంట్రాక్టరు గారి పాలిష్ మెషిన్ కూడా తెప్పించి, ప్లగ్గులో పెట్టించి, స్విచ్చి మీద చెయ్యి వేసి ఆగాడు.

"నిమిషం పనండి," అన్నాడు గొంతు తగ్గించి. "మీరు నిండుగా వచ్చేస్తారు. పేరు మార్చి రాసుకుంటాం. మనిషన్నవాడు తన ఇంట్లో తను ఉండాలి గదా."

సోమశేఖరానికి ఆశ పుట్టలేదన్న మాట అబద్ధం. గేట్లో తలెత్తుకుని రావచ్చు, మీటింగులో కుర్చీ ఉంటుంది. ఆయన తలుపు వంక చూశాడు. ఆవిడ ముడి పట్టుకుని, పిన్ను పళ్ళ మధ్య పెట్టుకుని, ఇంకాస్త సేపు ఆగమన్నట్టు తల వంచుకుని ఉంది. ఆయన వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ప్లగ్గు ఆవిడకిచ్చారు గదండి," అన్నాడు. "ఆవిణ్ణి అడగాలి."

అది న్యాయమేనని అందరూ ఒప్పుకున్నారు. అందరూ ఆగారు.

"వద్దంటోందండి," అన్నాడు సోమశేఖరం.

ఆవిడ ఏమీ అనలేదు. కాని భర్త చెప్పాడు గనక కమిటీ నమ్మింది. లేని మనిషి మాట ఎలా నమ్మారని ఎవరికీ తట్టలేదు. మెషిన్ తీసుకుని పైకి వెళ్ళిపోయారు.

అప్పటి నుంచి ఆ ఫ్లాటు వ్యవహారాలన్నీ సాఫీగా సాగుతున్నాయి. తలుపు పక్క పేరు పలక మీద ఇందుమతి పేరుంది. మీటింగుల్లో ఆవిడకి కుర్చీ వేస్తారు, వ్యతిరేకించలేదు గనక ఆవిడ ఓటు తీర్మానాలకి అనుకూలంగా వేసుకుంటారు. కొత్తగా దిగినవాళ్ళకి నరసింగరావు ఆవిణ్ణి ఆదర్శంగా చూపిస్తాడు. ఎవరితోనూ పేచీ లేదు, ఎప్పుడు చూసినా ఇంట్లోనే ఉంటారు, కావాలంటే దిగి చూడండి అంటాడు.

సోమశేఖరం రోజూ బస్సు దిగి గేటు దగ్గర ఆగుతాడు. వచ్చిపోయేవాళ్ళని అడగకుండా లోపలికి పంపకూడదు. వాచ్‌మన్ పోలయ్య ఆయన్ని చాలా ఏళ్ళుగా ఎరుగును, అయినా రూలు రూలే.

"ఎవరింటికండి?"

"ఇందుమతి గారింటికి."

"ఉండండి, చూసొత్తాను."

పోలయ్య సెల్లారులోకి దిగి, మూలకి వెళ్ళి, తలుపులోకి తొంగిచూసి వస్తాడు.

"ఉన్నారండి," అన్నాడు నిన్న కూడా. "ఇంకా ముడి సర్దుకుంటన్నారు. కాసేపు కూకోండి."

"పరవాలేదు. నెమ్మదిగా రమ్మను, తొందరేం లేదు," అన్నాడు సోమశేఖరం. ఆవిడతో ఆ మాట ఆయన ఎప్పుడూ అనలేదు. ఖాళీ అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని గేటు పక్క బల్ల మీద కూర్చున్నాడు.