నాలుగో నిబంధన

"ఇకపై మన ఇంటర్నెట్‌కు మనమే యజమానులం" అని మంత్రిగారు ప్రకటించగానే ఒప్పందం మీద సంతకాలు చేసిన అయిదు దేశాల ప్రతినిధులూ లేచి చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టినవాడు అండర్ సెక్రటరీ. కొట్టడా మరి, ఒప్పందంలో నాలుగో నిబంధన ఆయన చేతి చలవే. ఉమ్మడి కేబుల్ మీద ఏ దేశమూ మిగతా నాలుగింటి సమ్మతి లేకుండా చెయ్యి వెయ్యరాదు. ఆ సమ్మతి ఈమెయిల్లోనే రావాలి. ఇంత ముందుచూపున్న మనిషి ఇంకా అండర్ సెక్రటరీగానే ఎందుకున్నాడో ఆ శాఖకే తెలియాలి.

ఇంతటి ఘనకార్యానికి గుర్తుగా ఆఫీసు ముందు స్తూపం కట్టమని మంత్రిగారు సెలవిచ్చారు. మర్నాడు గునపం దిగింది. సరిగ్గా ఉమ్మడి కేబుల్ మీదే దిగింది. అయిదు దేశాలకూ ఒకేసారి నెట్ పోయింది. ఆ దేశాలు ఇంత సమానంగా ఇంతకుముందు దేన్నీ పంచుకోలేదు.

"గంట పని సార్, అతికించేస్తాం" అన్నాడు రిపేరు మేస్త్రీ.

"ఆగవయ్యా. సమ్మతి రావాలి" అన్నాడు అండర్ సెక్రటరీ.

"ఎట్లా వస్తుంది సార్?"

"మెయిల్లో."

మేస్త్రీ తెగిన తీగను ఒకసారి, ఆయన్ని ఒకసారి చూసి, గట్టు మీద కూర్చుని సిగరెట్ వెలిగించాడు.

ఫోన్లు మాత్రం మోగుతున్నాయి. ఇంటి నుంచి కూతురు చేసింది. "నాన్నా, రేపు నాలుగింటికి నెట్లో నా ఉద్యోగం ఇంటర్వ్యూ. ఏడాదిగా దీనికోసమే చదివాను. అప్పటికి నెట్ వస్తుందా?"

"నేనున్నాగా తల్లీ" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం పొరుగు దేశపు అధికారి దుమ్ము కొట్టుకుపోయిన కారులో దిగాడు. "మీ దగ్గర నెట్ ఉందాండీ? నాలుగు దేశాల సమ్మతీ నా దగ్గరే ఉంది. మెయిల్ చెయ్యాలి."

"లేదండీ. కాగితమేమో చెల్లదు" అన్నాడు అండర్ సెక్రటరీ నీరుగారిపోతూ.

అప్పుడు చూశాడు, మంత్రిగారి గది పైకప్పు మీద విదేశీ కంపెనీ వారి కొత్త శాటిలైట్ ఇంటర్నెట్ డిష్. పరుగున లోపలికి వెళ్లాడు.

"అయ్యా, మీ లైన్ మీద ఆ మెయిల్ పంపిస్తే... లేదంటే మా అమ్మాయికి ఒక్క పది నిమిషాలైనా..."

"మొదటి నిబంధన మర్చిపోయావా? పరాయి లైన్ వాడకూడదు."

"మరి తమరు?"

"నేను వాడటం లేదయ్యా. పరాయివాళ్లతో మాట్లాడుతున్నాను."

కెమెరా వెలిగింది. తెర మీద ప్రపంచ సదస్సు. మంత్రిగారు గొంతు సవరించుకున్నారు. "నిన్నటి నుంచి మా అయిదు దేశాల్లో ఒక్క సైబర్ నేరం కూడా జరగలేదు. ఈ ఘనత నాలుగో నిబంధన రాసిన మా అండర్ సెక్రటరీగారిది." తెర నిండా జనం లేచి నిలబడ్డారు.

జేబులో ఫోన్ మోగింది.

"నాన్నా, నాలుగు దాటిపోయింది. ఆ చప్పుడేంటి?"

"చప్పట్లు తల్లీ."

"ఎవరికి?"



"నాకే."